ఇద్దరూ ఉన్న పిల్ల

మణికుమారి డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం మీద దుప్పటి లేదు. అది ఫేబా ఒంటి మీద ఉంది. ఎడమ భుజం దగ్గర పిన్నీసులు, నడుముకి పాత చున్నీ, కాళ్ళకి బాత్రూమ్ చెప్పులు. పదమూడేళ్ళ పిల్ల అద్దం ముందు నిలబడి, చెయ్యి పైకెత్తి, ఏదో కోస్తున్నట్టు గాలిని కోస్తోంది.

పొద్దున్నుంచి మగవాళ్ళ వార్డులో నిలబడి నిలబడి కాళ్ళు మొద్దుబారిన మనిషికి కావలసింది ఒక మంచం, దాని మీద ఒక దుప్పటి. ఆ వేళప్పుడు ఎవరి సంతోషమూ అక్కర్లేదు, కన్నకూతురిదైనా సరే. మణికుమారి చేతిసంచి కుర్చీలో పడేసి, ఉత్త పరుపు మీదే వాలిపోయింది.

"ఏంటే ఈ వేషం?"

"గ్రీకు పిల్లనమ్మా. స్పోర్ట్స్ డేకి కొమ్మ కోసేది నేనే."

"మంచిది. దుప్పటి మాపకు."

"నన్నే ఎందుకు పెట్టారో అడగవేంటి?"

"ఎందుకు?" అంది కళ్ళు తెరవకుండానే.

"అమ్మా నాన్నా ఇద్దరూ బతికున్న పిల్లలే ఆ కొమ్మ కొయ్యాలంట. గ్రీకుల రూలు. ఇద్దరూ ఉన్నవాళ్ళు లేచి నిలబడండి అన్నారు నిసార్ సార్. నిలబడ్డా. నిలబడ్డవాళ్ళ పేర్లతో చీటీలు వేస్తే నా పేరొచ్చింది."

మణికుమారి కళ్ళు తెరిచింది. అద్దంలో కూతురి మొహం కనబడుతోంది. ఆ మొహంలో ఏముందో అప్పుడే సరిగ్గా చూసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. చూడలేదు. అలిసిపోయిన కళ్ళు ఎదురుగా ఉన్నదాన్ని కూడా సగమే చూస్తాయి.

ఇదంతా నిసార్ అహ్మద్ గారి నిర్వాకం. హైదరాబాద్ మనిషి. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేట వైపు, మన పిల్లలు చదివే బడుల్లో ఒకదాంట్లో చరిత్ర చెబుతాడు. ఆ ఏడు, అంటే తొంభై ఆరులో, ఒలింపిక్ ఆటలు కొత్తగా మొదలై నూరేళ్ళయిందని లోకమంతా సంబరపడింది. మనమెందుకు ఊరుకోవాలని, చలికాలంలో జరిగే ఆటల పండగని పాతకాలపు గ్రీకుల పద్ధతిలో జరపాలని ఆయన ప్రిన్సిపాల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ప్రిన్సిపాల్‌ని ఒప్పించడం తేలికే అయింది. గ్రీకులతోనే చిక్కొచ్చింది. వాళ్ళు ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఆలివ్ నూనె పట్టించుకుని పరిగెత్తేవాళ్ళు. ఆ ముక్క వచ్చేసరికి సారు పాఠంలో దగ్గు తెచ్చుకుని పేజీ తిప్పేశాడు. ఆటల ముందు మోసం చెయ్యబోమని అడవిపంది మాంసం మీద ప్రమాణం చేసేవాళ్ళు. ఆ జంతువు పేరు బడి మైకులో వినబడటం ఎవరికీ క్షేమం కాదు కాబట్టి ప్రమాణం బడి జెండా మీదికి మారింది. గీత దగ్గర ముందుగా ఉరికినవాణ్ణి తీర్పరులు బెత్తంతో బాదేవాళ్ళు. ఇది డ్రిల్లు మాస్టారికి ఎంతో నచ్చింది గానీ, పిల్లల తండ్రులకి నచ్చదని ఆయన చేతికి రంగుకాగితం చుట్టిన కర్ర ఇచ్చి సరిపెట్టారు.

మిగిలినవి నిలిచాయి. గెలుపు ఒక్కడిదే. రెండోవాడికి, మూడోవాడికి ఏమీ లేదు. వాళ్ళు ఆ కాలంలోనైతే మొహం దాచుకుని సందుల్లోంచి ఇంటికి పోయేవాళ్ళట. గెలిచినవాడి పేరు, వాడి తండ్రి పేరు, వాడి ఊరి పేరు చాటింపువాడు గొంతెత్తి చెప్పేవాడు. బహుమతిగా ఇచ్చేది తలకి పెట్టుకునే ఆకుల కిరీటం, అంతే. గుడి పక్కనున్న అడవి ఆలివ్ చెట్టు కొమ్మలతో దాన్ని అల్లేవాళ్ళు. ఆ కొమ్మలు ఎవరు పడితే వాళ్ళు కోయడానికి లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ బతికున్న పిల్లవాడు బంగారు కొడవలితో కోయాలి. ఇంట్లో చావు చూడని చెయ్యి తగిలితేనే ఆ ఆకుకి శుభమని వాళ్ళ నమ్మకం.

బడిలో ఆలివ్ చెట్టు లేదు, వేపచెట్టు ఉంది. వేపకి ఏ దేశం వెళ్ళినా ఏదో ఒక ఉద్యోగం దొరుకుతూనే ఉంటుంది. బంగారు కొడవలీ లేదు. సువైక్ అనే ఊరి తోటల్లో ఖర్జూరం గెలలు కోసే కొడవలి ఒకటి తెప్పించి, సగం పదును పోగొట్టి, బంగారు రంగు పూశారు. పిల్లవాడే కానక్కర్లేదు, ఆడపిల్లయినా ఫరవాలేదని సారే తీర్పిచ్చాడు. అమ్మా నాన్నా ఉండటం మాత్రం తప్పదన్నాడు. అది కూడా వదిలేస్తే ఇక గ్రీకులెందుకు, మామూలు స్పోర్ట్స్ డే చేసుకోవచ్చు కదా అని ఆయన వాదన. వాదన సబబే. ఆ సబబు వచ్చి మణికుమారి పరుపు మీద పడింది.

మణికుమారి భర్త ప్రేమచంద్ తొంభైలో కనబడకుండా పోయాడు. చచ్చిపోయాడని ఎవరూ చెప్పలేదు. ఉన్నాడనీ ఎవరూ చెప్పలేదు.

ఇద్దరిదీ రేపల్లె వైపు. ఆమె గుంటూరులో నర్సింగ్ చదివింది, అతను ఏసీ మెకానిక్. ఫేబా పుట్టాక అతను కువైట్ వెళ్ళాడు. ఎనభై ఎనిమిదిలో ఆమెకి మస్కట్‌లో, మత్రా వైపున్న ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది. భర్త ఒక దేశంలో, భార్య ఒక దేశంలో, పిల్ల ఒక దేశంలో. అప్పట్లో ఇలాంటి సంసారాలు మనవాళ్ళలో కొల్లలు, ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. ఎలాగైనా కువైట్ కంపెనీ వదిలేసి మస్కట్‌లో పని చూసుకుంటానని ప్రేమచంద్ ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. వచ్చాక పిల్లని తెచ్చుకుంటారు, ముగ్గురూ ఒక కప్పు కింద ఉంటారు. ఆ మాటే తల్చుకుంటూ మణికుమారి రెండేళ్ళు డబుల్ డ్యూటీలు చేసింది. ఆ రెండేళ్ళూ ఆమెకి అలుపన్నదే తెలియదు.

తొంభై ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. ఫోన్లు ఆగిపోయాయి. మనవాళ్ళు బస్సులు పట్టుకుని, లారీలు పట్టుకుని జోర్డాన్ వైపు పోయారని, అక్కడినుంచి విమానాల్లో ఇంటికి చేరుతున్నారని రేడియోలో వచ్చేది. ఎవరెవరో చేరారు. ప్రేమచంద్ చేరలేదు. మరుసటి ఏడు అతని రూమ్మేట్ ఒకడు పని వెతుక్కుంటూ మస్కట్ వచ్చి, ఆమెని కలిశాడు. సరిహద్దు దగ్గర ఇసుకలో గుడారాలట. తాగడానికి నీళ్ళకి కటకటట. ప్రేమచంద్‌కి విరేచనాలు పట్టుకుని లేవలేకపోతే, ఆసుపత్రికని ఎవరో లారీలో ఎక్కించారట. "కోలుకునే ఉంటాడక్కా, ఏ దేశం ఆసుపత్రిలోనో ఉండుంటాడు" అని తల దించుకుని చెప్పి, ఇచ్చిన టీ ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

మణికుమారి నర్సు. నీళ్ళు లేని చోట విరేచనాలు పట్టుకుని లేవలేని మనిషికి తర్వాత ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పాలా? ఆ టీ గ్లాసు సింకులో ఒంపేటప్పుడే ఆమెకి తెలిసిపోయింది. తెలిసి కూడా ఎంబసీ చుట్టూ తిరిగింది, తెలిసినవాళ్ళందరి కాళ్ళూ పట్టుకుంది. ఆచూకీ దొరకలేదు.

కూతురికి మాత్రం చెప్పలేదు. అప్పుడే పిల్లని ఊరినుంచి తెచ్చుకుంది. చిన్నపిల్ల, కొత్త ఇల్లు, తెలియని భాషలు. కొంచెం అలవాటు పడ్డాక చెబుదామనుకుంది. తర్వాత పరీక్షలొచ్చాయి. తర్వాత క్రిస్మస్ వచ్చింది. తర్వాత పిల్లకి ఆటలమ్మ పోసింది. చావుకబురు చెప్పడానికి మంచిరోజు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. "నాన్న ఎప్పుడొస్తాడు" అని పిల్ల అడిగినప్పుడల్లా "వస్తాడమ్మా" అనేది. అడగడం కొన్నాళ్ళకి తగ్గింది, ఆ తర్వాత ఆగిపోయింది. ఆగినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుందే గానీ, ఎందుకు ఆగిందా అని ఆలోచించలేదు.

ఇక సంఘంలో వాళ్ళు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజే రువి పేటలో తెలుగు ఆరాధన జరుగుతుంది. ప్రతి శుక్రవారం పెద్దాయన ఒకరు లేచి, కళ్ళు మూసుకుని, "మా సహోదరుడు ప్రేమచంద్‌ని క్షేమంగా తోడుకొని రండి ప్రభువా" అని ప్రార్థించేవాడు. అందరూ ఆమేన్ అనేవాళ్ళు. మణికుమారి కూడా అనేది. మొదట్లో ఏడుస్తూ అనేది, తర్వాత ఊరికే అనేది, ఈమధ్య ఆ మాట వినబడగానే ఆమెకి నిద్ర ముంచుకొచ్చేది. ఆసుపత్రి డ్యూటీకి వారానికో ఆఫ్ ఉంటుంది. ఎదురుచూసే డ్యూటీకి ఆఫ్ కూడా లేదు. ఆ మనిషి రాడని తెలిసి, వస్తాడన్నట్టు మొహం పెట్టుకుని తిరగడం ఎంత చాకిరో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అన్నిటికన్నా అన్యాయం ఇంకోటి ఉంది. ఆసుపత్రిలో తెలుగు కూలీ ఎవరైనా పోతే ఊళ్ళో వాళ్ళింటికి ఫోన్ చేసే పని మణికుమారి నెత్తిన పడేది, భాష వచ్చు కాబట్టి. పక్కింటికో, ఊళ్ళో ఫోన్ బూత్‌కో చేసి, భార్యని పిలిపించేది. "పక్కన ఎవరైనా ఉన్నారామ్మా? ముందు కూర్చో" అనేది. ఆ తర్వాత నాన్చకుండా చెప్పేసేది. సీరియస్‌గా ఉందని అబద్ధమాడి ఫోన్ పెట్టెయ్యడం మహాపాపమని, ఆ మాట పట్టుకుని వాళ్ళు తిండీ నిద్రా లేకుండా వేలాడతారని కొత్త నర్సులకి నేర్పేది కూడా ఆవిడే. ఇంతమంది ఇళ్ళకి చెప్పింది. తన ఇంటికి చెప్పలేకపోయింది.

మర్నాడు వార్డులో మందుల ట్రాలీ పక్కన నిలబడి, ఆయా అక్తరీ బేగంతో సంగతంతా చెప్పింది. అక్తరీ బేగంది కడప. ఇంట్లో ఉర్దూ, బయట కడప తెలుగు, డాక్టర్లతో చేతి సైగలు. మణికుమారి కన్నా పెద్దది, ఎవరికీ జంకదు.

"నీ బిడ్డ లేచి నిలబడిందా? అయ్యో అల్లా!" అంది నోటి మీద చెయ్యేసుకుని. "ఎన్నేండ్లని దాచిపెట్టుకుంటావు సిస్టరమ్మా? మాలో అయితే నాలుగేండ్లు చూసినాక ఖాజీసాబే చెప్పేస్తాడు, ఇంక లేడు పో అని. మీలో అట్లా చెప్పేటోళ్ళు ఎవురూ లేరా?"

"లేరు బీబీ."

"అయితే నువ్వే చెప్పల్ల."

"ఎట్లా చెప్పను? ఇన్నాళ్ళు వస్తాడు వస్తాడని నమ్మించి, ఇప్పుడు పోయి ఆరేళ్ళయిందే అని చెప్తే అది నన్నింక నమ్ముద్దా? ఇంతకన్నా పెద్ద మోసం ఉందా?"

"నమ్మకపోతే పోనీ. రేపు అంతమంది ముందర నిలబడి మా నాయన బతికుండాడని ఆ బిడ్డ నోటితో చెప్పిస్తావా? అది మోసం కాదా?" అని అక్తరీ బేగం దుప్పట్ల మూట భుజానికెత్తుకుంది. "పిల్లకు చెప్పేదానికి నోరు రాకపోతే ముందు ఆ సారుకన్నా చెప్పు. పేరు తీసేస్తాడు."

మణికుమారిని పట్టుకున్న భయం సరిగ్గా పిల్ల నోటితో ఆ మాట చెప్పించడం గురించే. బడిలో కొమ్మ కోసే పిల్ల ఊరికే కోసి రాదు. చాటింపువాడు అడిగితే తన పేరు, తల్లి పేరు, తండ్రి పేరు చెప్పి, ఇద్దరూ జీవించి ఉన్నారని గట్టిగా పలకాలి. తను ఇంట్లో గొంతు తగ్గించి ఆడిన అబద్ధాన్ని పిల్ల మైకులో చెప్పబోతోంది. చెప్పాక ఇంక దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. ఎప్పటికైనా పిల్లకి నిజం తెలిస్తే, అంతమందిలో నాతో అబద్ధం చెప్పించావు కదమ్మా అంటుంది. ఆ మాట పడటానికి మణికుమారి దగ్గర ఓపిక మిగల్లేదు.

డ్యూటీ మార్పించుకుని బడికి వెళ్ళింది. నిసార్ అహ్మద్ గారు స్టాఫ్‌రూమ్‌లో అట్టముక్కలతో గ్రీకు స్తంభాలు అతికిస్తున్నాడు. గడ్డానికి జిగురు, చొక్కాకి సుద్ద. ఆయనకీ ఈ ఉత్సాహం తలకి మించిన భారమైనట్టే ఉంది, కళ్ళ కింద నల్లగా ఉబ్బి ఉన్నాయి.

"రండి మేడమ్, కూర్చోండి. ఫేబా మదర్ కదా? బహుత్ అచ్ఛీ ఆవాజ్ ఉంది మీ అమ్మాయిది. లాస్ట్ లైన్ దాకా వినబడ్తది."

"సార్, ఫేబాని తీసెయ్యండి."

"క్యోం? ఏమైంది?"

"టెస్టులున్నాయి."

"టెస్టులు అందరికీ ఉన్నయి మేడమ్. రెండు నిమిషాల పని ఇది." ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. "ఇంట్ల ఏమన్నా ప్రాబ్లమా? చర్చి వాళ్ళు ఏమన్నా అన్నరా, గ్రీకు దేవుళ్ళు గిట్ల అని? పూజ ఏం లేదు, నేను మాట ఇస్తున్న. ఫాదర్ వద్దంటున్నరా? నేను మాట్లాడ్త ఆయనతోని. ఎక్కడ పని చేస్తరు?"

"కువైట్" అంది మణికుమారి.

"అచ్ఛా, కువైట్‌ల ఉన్నరా!"

ఒక్క మాట చాలు. లేరు సార్ అంటే అయిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ప్రేమచంద్‌ని తానే చంపినట్టవుతుందని ఆ క్షణంలో ఆమెకి అనిపించింది. ఎడారిలో కాదు, ఇక్కడ, ఈ స్టాఫ్‌రూమ్‌లో, జిగురు డబ్బా పక్కన. అంతవరకు ఎవరూ అనని మాట తాను ఒక పరాయి మనిషి ముందు ఎందుకనాలి?

"ఉన్నారు" అంది.

"ఇంకేంది మరి! ఫికర్ చెయ్యకండి" అని ఆయన మళ్ళీ బ్రష్షు తీసుకున్నాడు.

గేటు బయటికొచ్చి టాక్సీ కోసం నిలబడ్డప్పుడు మణికుమారికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఊళ్ళో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళకి కుండబద్దలు కొట్టినట్టు చెప్పే నోటికి ఇప్పుడేమొచ్చింది? చెప్పడానికి వెళ్ళి, ఉన్న అబద్ధం మీద ఇంకో రాయి పేర్చి వచ్చింది.

ఆ తర్వాత రోజులు ఎలాగో గడిచాయి. తల దువ్వుతూ ఒకసారి చెప్పబోయింది. జడ గట్టిగా లాగావని పిల్ల అరిచేసరికి ఆ మాట పోయింది. అన్నం తింటుండగా ఇంకోసారి "ఫేబా" అని పిలిచింది. "ఊఁ?" అంది పిల్ల. "పెరుగు వేసుకో" అంది తల్లి. ఆటలు అయిపోయాక చెబుదాం, సంబరంలో ఉన్న పిల్లని ఇప్పుడెందుకు కదపడం అనుకుంది. ఇది కూడా ఆ పాత క్యాలెండర్ లెక్కే అని ఆమెకి తెలుసు.

ఫేబా రోజూ పాఠం వల్లించేది. నిసార్ సార్ రాసిచ్చిన ఇంగ్లీషు మాటలు. "నా పేరు ఫేబా. నా తల్లి మణికుమారి. ఆమె జీవించి ఉంది" అని అక్కడిదాకా గట్టిగా చెప్పేది. చెప్పి తల్లి వైపు చూసేది. "తర్వాతది?" అంటే, "వచ్చులే" అని దుప్పటి మడత పెట్టేసేది. వచ్చని మణికుమారి నమ్మింది. ఆ రెండో వాక్యం వినకుండా తప్పినందుకు మనసులో సంతోషించింది కూడా.

కిరీటాలు అల్లడానికి టైము కావాలి కాబట్టి కొమ్మ కోసే తంతు ఆటల ముందురోజు సాయంత్రం పెట్టారు. దాన్ని వీడియో తీసి మర్నాడు అందరికీ చూపిస్తారట. ఆ వేళకి బడి బస్సులుండవు. మణికుమారి డ్యూటీ దిగి, యూనిఫాంతోనే పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చి గేటు దగ్గర నిలబడింది. రోడ్డు అవతల వర్క్‌షాపుల్లో ఇంకా రేకులు కొడుతున్నారు. నీరెండ పడుతున్న వేపచెట్టు కింద కొందరు పిల్లలు దుప్పట్లు చుట్టుకుని నిలబడ్డారు. గడ్డానికి ఈసారి బంగారు రంగు అంటించుకుని నిసార్ అహ్మద్ గారు హడావిడి పడుతున్నాడు. ఫేబా చేతిలో కొడవలి ఉంది.

చాటింపువాడు ఎహసాన్ అని పన్నెండో తరగతి కుర్రాడు, గొంతు గంటలా ఉంటుంది. అడగవలసింది ఇంగ్లీషులో అడిగాడు. ఆటలకి కిరీటం కావాలి, కొమ్మ కోసేది ఎవరు, ఎవరి బిడ్డ?

"నా పేరు ఫేబా" అంది పిల్ల. "నా తల్లి మణికుమారి. ఆమె జీవించి ఉంది."

ఆగింది.

మర్చిపోయిందనుకుని ఎహసాన్ మెల్లగా "మై ఫాదర్..." అని అందించాడు. పలకలేదు. "చెప్పు బేటా, నీ ఫాదర్ పేరు చెప్పు" అన్నాడు నిసార్ అహ్మద్. పలకలేదు. ఫేబా కొడవలిని రెండు చేతుల్తో పట్టుకుని గేటు వైపు, తల్లి వైపు చూస్తోంది. పాఠం మర్చిపోయిన పిల్ల పైకి చూస్తుంది, నాలుక కొరుక్కుంటుంది. ఈ పిల్ల అలా లేదు. ఏం చెప్పమంటావమ్మా అని అడుగుతోంది. నువ్వు ఏది చెప్పమంటే అదే చెబుతానన్నట్టు నిలబడింది.

మణికుమారికి అప్పుడు అర్థమైంది. దీనికి తెలుసు. ఎప్పుడో తెలుసు.

ఫోన్లో చెప్పే మాటలేవీ నోటికి రాలేదు. ముందు తల అడ్డంగా ఊపింది. అది చాలదన్నట్టు మళ్ళీ ఊపింది. అప్పటికి గొంతు వచ్చింది.

"లేరమ్మా. నాన్న చనిపోయారు. ఆ మాట చెప్పొద్దు."

రోడ్డు అవతల రేకుల మీద సుత్తి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. నిసార్ అహ్మద్ గారు ఎవరికీ పనికిరాని చేతులు రెండూ ఎత్తి, దించి, "మాఫ్ చెయ్యండి మేడమ్, నాకు తెల్వదు" అన్నాడు. "మీరు ఉన్నరన్నరు కదా..." అని ఇంకేదో అనబోయి ఆపేశాడు. ఆ మాటకి మణికుమారి సిగ్గుపడలేదు. సిగ్గుపడటానికి కూడా కొంత బలం కావాలి.

ఫేబా గుంపులో ఉన్న అరీబా దగ్గరికి నడిచింది. ఇద్దరూ ఒకే బెంచీ. కొడవలి పిడి ఆ పిల్ల చేతిలో పెట్టి, "నువ్వు కొయ్యి. నీకు ఇద్దరూ ఉన్నారుగా" అంది. అన్న తీరులో కోపం లేదు, ఏడుపూ లేదు. పెన్సిలు అరువిచ్చినట్టు ఇచ్చింది. దుప్పటి అంచు చేత్తో ఎత్తి పట్టుకుని తల్లి దగ్గరికి వచ్చేసింది.

గేటు పక్కన అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఎప్పట్నించే?" అంది మణికుమారి.

"థర్డ్ క్లాసప్పుడు. నాన్న ఇక్కడికి వచ్చేస్తానని ముందుగా తన సామాను పెట్టె ఒకటి పంపాడు చూడు, అందులో చొక్కాలు. నువ్వు హాస్పిటల్‌కి తీసుకెళ్ళి ఎవరో పేషెంట్లకి ఇచ్చేశావు. వచ్చేవాడైతే ఇచ్చేస్తావా?"

ఆ చొక్కాలు ఇచ్చేసిన రోజు పిల్ల నిద్రపోతోందనే మణికుమారి అనుకుంది.

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే వస్తాడనే అంటావుగా. అన్నప్పుడల్లా నీ మొహం అదోలా అయిపోద్ది. అందుకే మానేశా."

"క్లాసులో ఎందుకు లేచావు మరి?"

"కూర్చుంటే ఏమైందని అందరూ అడుగుతారు. సార్ ఇంటికి ఫోన్ చేస్తారు. నువ్వే ఇంకా చెప్పలేదు, నేనెట్లా చెప్తా?" ఫేబా పిన్నీసు ఊడదీసి మళ్ళీ పెట్టుకుంది. "చీటీల్లో నా పేరే వస్తదని నాకేం తెలుసు?"

ఇన్నేళ్ళూ పిల్లని కాపాడుతున్నానని తాను అనుకుంది. అదే పని పిల్ల తనకి చేస్తూ వచ్చింది, ఒక్క మాట బయటపడకుండా, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు. తనకైతే ముప్పై దాటాయి, ఒంట్లో సత్తువ ఉంది. ఆ పిల్లకి అప్పుడు ఎనిమిదేళ్ళు.

"ఇన్నాళ్ళలో ఒక్కసారన్నా ఏడ్చావటే?" అంది.

ఫేబా తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్పాక ఏడుద్దామని ఆగా."

"చెప్పాను కదమ్మా" అంది మణికుమారి పిల్ల తల దగ్గరికి లాక్కుంటూ. "ఇప్పుడు చెప్పాను కదా తల్లీ."

అప్పుడు ఫేబా ఏడ్చింది. మొదట మెల్లగా, తర్వాత చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా, నిన్ననే తండ్రి పోయిన పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి యూనిఫాం ముందంతా తడిసిపోయింది. ఊరుకోమని మణికుమారి అనలేదు.